మొలకలకు మొదటి చెంచా

రోజు 0

నా తర్వాత గనిలోపల దీపాల వెలుగులో పెంచే ఈ తోట ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు. వాళ్ల కోసం రాస్తున్నాను. నా పేరు ఐలయ్య. వయసు యాభై ఎనిమిది. ఈ గనిలో బొగ్గు తీసిన రోజుల్లో పంపులు నడిపాను. పైన ఎండకు ఊళ్లు ఖాళీ అయ్యి, జనం గనిలోకి దిగి కాపురాలు పెట్టాక కూడా పంపులే నడిపాను. మోకాళ్లు అరిగాక, కూర్చుని చేసే పని కదా అని తోట అప్పగించారు. కూర్చుని చేసే పని అన్నవాడెవడో గానీ వాడిని తెచ్చి ఒక పూట ఇక్కడ కూర్చోబెట్టాలి.

ఈరోజు తడిగుడ్డలో నానిన పన్నెండు గంజాయి గింజలను పన్నెండు కప్పుల్లో పెట్టాను. పన్నెండూ తెల్లటి వేరు తొడిగాయి. నాకంటే ముందు తోట చూసిన బుచ్చయ్య డబ్బాలో దొరికిన గింజలు ఇవే. ఇంకెక్కడా లేవు. నిరుడు పంటంతా బూజు పట్టి పోయింది. ఆ దిగులుతో బుచ్చయ్యా పోయాడు.

మా తాత గంజాయి మూటతో దొరికి రెండేళ్లు జైల్లో ఉన్నాడట. ఆయన మనవడు ఈరోజు గనిలో మేముండే మూడో లెవెల్ జనమంతా చూస్తుండగా అదే గింజలకు దండం పెట్టి మట్టి కప్పాడు. తాత ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా కూతురు సరోజనకు ఇరవై ఆరేళ్లు. ఏడేళ్ల కింద పైకప్పు పెళ్ల ఊడి తల మీద పడింది. అప్పటి నుంచి మూర్ఛ. ఈ మొక్క పువ్వు నుంచి తీసిన నూనె పూటకు నాలుగు చుక్కలు నాలుక కింద వేసుకుంటే నెలకొకసారి వస్తుంది. వేసుకోకపోతే రోజుకు మూడుసార్లు వస్తుంది. నాలుగు చుక్కల లెక్కన సీసాలో ఉన్న నూనె యాభై రోజులకు సరిపోతుంది. మొక్క పువ్వుకు రావడానికి వంద రోజులు పడుతుంది. అందుకని ఈరోజు నుంచి సరోజన పూటకు రెండు చుక్కలే వేసుకుంటుంది. సీసా పక్కన కాగితం ముక్క అంటించి పది రోజులకొక గీత గీశాను.

పన్నెండులో సగం మగవే అవుతాయి. మగ మొక్క మందుకు పనికిరాదు. ఒక్క ఆడ మొక్క దక్కితే చాలు, కొమ్మలు కత్తిరించి నాటుకుంటూ పోవచ్చు. ఆ ఒక్కటి దక్కాలి.

రోజు 3

పన్నెండూ మొలిచాయి. ఒక్కోటి గింజ పెంకును టోపీలా నెత్తిన పెట్టుకుని లేచింది. రెండేసి గుండ్రటి ఆకులు. సరోజన కప్పుల ముందు గొంతుకూర్చుని "వచ్చిండ్రా దొరలు" అని పలకరించింది.

బుచ్చయ్య కాగితంలో ఉన్న మాటలు ఇక్కడ ఎక్కిస్తున్నాను. కాగితం చిరిగినా పుస్తకంలో ఉంటాయి.

"పుట్టాకులు రెండూ తల్లి కట్టిచ్చిన సద్ది. సద్ది ఉన్నన్ని రోజులు బలం నీళ్లు పోయొద్దు. రంపం అంచు ఆకులు మూడు జతలు రావాలి. పుట్టాకులు పసుపుబడాలి. అప్పుడు తోటకూరకు పోసేదాంట్లో నాలుగో వంతు పోయాలి. ముందే పోస్తే వేరు మాడి చస్తది. మూడు వారాలు పడుతుంది. ఆగు."

ఆగు అన్న మాట కింద మూడు గీతలున్నాయి.

బలం నీళ్లంటే ఏమిటో మూడో లెవెల్‌లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అందరి ఉచ్చా పోగయ్యే పీపాలో బూడిద కలిపి, పులియబెట్టి వడగట్టినది. ముప్పై ఒక్క గదులకు వారానికొక సీసా. ఎవరి తోటకూర అరకు వాళ్లు పోసుకుంటారు. తోటకూరకు ఐదో రోజు నుంచే పోస్తాం. అది ఎంత పోసినా తాగుతుంది.

పొద్దున అందరి పేర్లూ పిలిచే మస్టర్‌లో ఒక తమాషా జరిగింది. ఇతరులకు తమాషా కావచ్చు, మాకు మస్టర్ తమాషా కాదు. పెద్ద కరువులో మా లెవెల్‌లో నలభై మంది పోయారు. చాలామంది తిండి లేక కాదు, అడగలేక పోయారు. నా భార్య రాజవ్వ అడిగిన ప్రతిసారీ తిన్నానని చెప్పేది. తన వంతు సరోజన కంచంలో వేసేది. పద్దెనిమిది రోజులు తిన్నానని చెప్పి పందొమ్మిదో రోజు లేవలేదు. ఆ తర్వాత, పేర్లు పిలిచే లచ్చవ్వ మస్టర్ పద్ధతి మార్చింది. పేరు పిలిస్తే హాజరు అనకూడదు. నిన్న తిన్నవాళ్లు తిన్నానని, తిననివాళ్లు తినలేదని నిజం చెప్పాలి. తినలేదని ఎవరన్నా సరే, ప్రతి గదీ తన కుండలోంచి ఒక్క చెంచా ఆ మనిషి కంచంలో వేయాలి. అదయ్యాకే మిగతావాళ్లు ముద్ద ముట్టాలి.

లచ్చవ్వకు ఇప్పుడు ఎనభై దాటాయి. పుస్తకం ఆమె చేతిలోనే ఉంటుంది. పేర్లన్నీ పిలవడం అయ్యాక సరోజన లేచింది.

"అవ్వా, పన్నెండు మంది కొత్తోళ్లొచ్చిండ్రు. రాయి."

"ఎవలే వాళ్లు?"

"మొలకలు."

లచ్చవ్వ నవ్వలేదు. పెన్సిల్ నాలుకకు తడి చేసుకుని రాసింది. తర్వాత పద్ధతి ప్రకారం పిలిచింది. "మొలకలు?"

"తినలే" అంది సరోజన, వాటి తరఫున, చేయెత్తి.

అంతే, ముప్పై ఒక్క గదుల వాళ్లు బలం సీసాల కోసం లేచారు. నేను అరిచి ఆపాను. సద్ది సంగతి చెప్పాను. మూడు వారాల వరకు ఒక్క చుక్క పోసినా ఊరుకోనని చెప్పాను. ఫ్యాను నడిపే ఓదెలు, "పుట్టంగనే ఉపాసమా అన్నా?" అన్నాడు. ఉపాసం కాదురా, కడుపు నిండా తిని వచ్చాయి అన్నాను. తలూపాడు. అందరూ తలూపారు. తలూపడంలో మావాళ్లను మించినవాళ్లు లేరు.

రోజు 5

నీళ్లు రెండు రోజులకొకసారి, కప్పు అంచు వెంట కొంచెం. దీపం మూరెడు ఎత్తున ఉంది. రంపం అంచు ఆకులు తొంగిచూస్తున్నాయి.

మస్టర్‌లో మళ్లీ "మొలకలు?" అంది లచ్చవ్వ. మళ్లీ "తినలే" అంది సరోజన. అందరూ తమ కంచాల్లోకి చూసుకున్నారు. ఆ మాట తర్వాత ముద్ద గొంతు దిగడం నాకూ కష్టమైంది.

రోజు 6

ఈరోజు రాయడానికి ఏమీ లేదు.

రోజు 8

ఆకులు మరీ ముదురు పచ్చగా ఉన్నాయి. చూడ్డానికి బాగుందని సంబరపడ్డాను. సాయంత్రం చూస్తే కొనలు కిందికి ముడుచుకున్నాయి. నాలుగింటికి కొనల్లో గోధుమరంగు.

దీపం వేడి అనుకుని పైకి జరిపాను.

రోజు 9

రెండు పోయాయి. కాడ మొదట్లో నల్లబడి ఒరిగిపోయాయి. మిగతా పదింటికీ కొనలు మాడాయి. దీపం జరిపాక కాడలు సాగాయి గానీ మాడడం ఆగలేదు.

గని నీళ్లలో ఉప్పు పెరిగిందేమో. రేపటి నుంచి ఫ్యాను గొట్టానికి పట్టే చెమ్మనీళ్లే పోస్తాను. రోజంతా కాపు కాస్తే చెంబెడు వస్తాయి. ఓదెలు పట్టి ఇస్తానన్నాడు. అడగ్గానే ఇస్తానన్నాడు, ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

సరోజనకు మధ్యాహ్నం మూర్ఛ వచ్చింది. రెండు నిమిషాలు. తెలివి వచ్చాక మొదట అడిగింది మొలకల గురించి. బాగున్నాయని అబద్ధం చెప్పాను.

రోజు 10

ఇంకో మూడు పోయాయి. ఏడు మిగిలాయి.

నాకు ఏమీ తోచడం లేదు. చెమ్మనీళ్లే పోశాను. దీపం కిందికి పైకి జరిపి చూశాను. బుచ్చయ్య కాగితం నలభైసార్లు చదివాను, అందులో ఆగు అని తప్ప ఇంకేమీ లేదు. బుచ్చయ్యా, బతికి ఉండగా గంటల తరబడి సొల్లు చెప్పేవాడివి, కాగితం మీద మాత్రం ఇంత పొదుపేమిటయ్యా.

రోజు 11

పొద్దున పలకలు తుడిచే షిఫ్టు నాది. తెల్లవారకముందు పైకి వెళ్లి, సోలార్ పలకల మీద దుమ్ము తుడిచి, ఎండ చురుక్కుమనేలోపు దిగాలి. దిగివచ్చేసరికి ఇంకో నాలుగు పడిపోయి ఉన్నాయి. మూడే మిగిలాయి.

చచ్చిన మొలక ఒకటి పీకాను. వేరు జిగటగా, గోధుమరంగులో ఉంది. ఎందుకో ఆ మట్టి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా, చేదుగా ఉంది. వాసన చూశాను. పీపా వాసన.

ఎవరో పోశారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ పోశారు. నేను పైకి వెళ్లినప్పుడో, మధ్యాహ్నం కునుకు తీసినప్పుడో వచ్చి పోశారు. ఎవరో కావాలనే నా బిడ్డ ప్రాణం మీద పోశారు.

ఓదెలు అనుకున్నాను. వాడు ముఖం తిప్పుకోవడం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు పక్కగదిలో ఉన్నవాడి గురించి ఈ మాట పుస్తకంలో రాస్తున్నాను. కొట్టేయను. ఆ క్షణంలో నేనెలాంటివాడినో తర్వాతివాళ్లకు తెలియాలి.

రోజు 12

చచ్చిన తొమ్మిది కప్పులూ పళ్లెంలో పెట్టుకుని మస్టర్‌కు వెళ్లాను. పేర్లు పిలవకముందే పళ్లెం నడిమిట్లో పెట్టాను.

"ఎవలు పోసిండ్రు?" అని అరిచాను. కోపం వస్తే నాకు పుస్తకం భాష రాదు. "నా బిడ్డ మందు ఇది. ఎవలు పోసిండ్రో మొగోడైతే లేవుండ్రి. ఆడిదైతే లేవుండ్రి."

నేను ఓదెలునే చూస్తున్నాను.

లచ్చవ్వ మస్టర్ పుస్తకం మూసి, చేయి పైకెత్తింది.

"నేను పోసిన కొడుకా. కప్పుకొక్క చెంచ. ఒక్కటే." "రోజూ పొద్దుగాల నేనే అడుగుడు, అవి తినలే అనుడు. రాజవ్వ యాదికొచ్చింది. ఒక్క చెంచ ఏం జేస్తదనుకున్న."

నేను నోరు తెరిచేలోపు ఓదెలు చేయెత్తాడు. "నేను గుడ అన్నా. కప్పుకొక్క చెంచ. నేనొక్కన్నే అనుకున్న."

"నేను గుడ" అంది వెనకనుంచి ఎల్లుబాయి. పుట్టగొడుగులు పెంచే మనిషి, ఆమెకైనా తెలియాలి. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి చేతులు లేచాయి. ఎవరికి వారు తామొక్కరమే అనుకున్నారు. పక్క చేయి లేవడం చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా గది పోను ముప్పై గదులు, ముప్పై చేతులు. తమ తోటకూరకు పోయాల్సిన సీసాలోంచే పోశారు. ఒక్కొక్కరూ ప్రేమగా, దొంగతనంగా, ఒక్క చెంచానే.

చివరికి సరోజన. "నేను గుడ బాపూ. రోజూ నా నోటితోనే తినలే అని చెప్పుడు నావల్ల గాలే."

ఇక ఎత్తని చేయి ఒక్కటే మిగిలింది. జనం నా వైపు చూడలేదు. చూసి ఉంటే సులువుగా ఉండేది.

ఆరో రోజు రాయడానికేమీ లేదని రాశాను. అబద్ధం. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు కప్పుల ముందు కూర్చుంటే అవి నన్నే చూస్తున్నట్టనిపించింది. రాజవ్వ తిన్నానన్నప్పుడు నమ్మిన వెధవను నేను. ఇప్పుడు తినలేదని చెబుతున్నా ఊరికే కూర్చోవడమేమిటనిపించింది. సీసా తీశాను. కప్పుకొక చెంచా పోశాను. మొదటి చెంచా నాదే. మూడు వారాలు ఆగమని అందరికీ చెప్పి మూడు రోజులు ఆగలేకపోయినవాడిని.

చేయెత్తాను.

ముప్పై రెండు చెంచాలు పడ్డాయి ఒక్కో కప్పులో. పిడికెడు మట్టి కూడా పట్టని కప్పు అది.

రోజు 13

మిగిలిన మూడింటి మట్టిలో మంచినీళ్లు పోసి కిందికి కారనిచ్చాను. మళ్లీ పోశాను. కారే నీళ్లు రుచి చూస్తూ ఉప్పదనం పోయేదాకా పోశాను. చెమ్మనీళ్లు చాలవంటే జనం తాగేనీళ్లు తెచ్చి పెట్టారు. వద్దనలేదు.

ఓదెలుకు క్షమాపణ చెప్పాను. ఎందుకన్నా అన్నాడు. పదకొండో రోజు పేజీ చూపించాను. చదివి, "నేను గుడ నిన్నే అనుకున్న" అని పుస్తకం తిరిగి ఇచ్చాడు.

రోజు 14

ఒకటి పోయింది. రెండు.

మస్టర్‌లో లచ్చవ్వ, "మొలకల పేరు కొట్టేద్దునా?" అని అడిగింది.

సరోజన ఒప్పుకోలేదు. "కొట్టెయ్యకవ్వా. రోజూ అడుగు. రోజూ తినలే అనే చెప్త. ఇని ఊకుండుడు గుడ నేర్చుకోవాలె మనం."

లచ్చవ్వ పిలిచింది. సరోజన చెప్పింది. ఎనభై మందిమి తల దించుకుని విన్నాం. ఎవరూ లేవలేదు. తిండి పెట్టకుండా కూర్చోవడం ఇంత కష్టమని నాకు ఈ వయసులో తెలిసింది.

రోజు 17

మాడిన ఆకుల పైన కొత్త జత వచ్చింది. రంపం అంచుతో, శుభ్రంగా, లేత పచ్చగా. ఇది రెండో జత. రెండు మొక్కలకూ వచ్చింది.

జనం వచ్చి చూసి వెళుతున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నారు. ఓదెలు తన తువ్వాలుతో తన చేతులు తానే కట్టుకోబోయి ముడి పడక తంటాలు పడ్డాడు. సరోజన పడి పడి నవ్వింది. వారం తర్వాత ఆమె నవ్వు విన్నాను.

అయితే ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. ఈ నాలుగు రోజుల్లో మూడుసార్లు వచ్చింది. పూటకు రెండు చుక్కలతో ఇంత తరచుగా రాకూడదు. అడిగితే, మొలకల బెంగ బాపూ అంది. నమ్మాను. నమ్మడం నాకు అలవాటే.

రోజు 20

పొద్దున తోటలో ఉన్నాను. వెనక చెంబు పడిన చప్పుడైంది. తిరిగేసరికి సరోజన నేల మీద కొట్టుకుంటోంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. ఓదెలు పరుగెత్తుకొచ్చి చేతిలో ఇనుప ముక్క పెట్టబోతే తోసేశాను. ఆరు నిమిషాలు. ఆగింది. కళ్లు తెరవకముందే మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. మళ్లీ మొదలైంది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చెంప లోపల ఎనిమిది చుక్కలు రుద్దాను. కాసేపటికి ఒళ్లు సడలింది. పిలిస్తే పలకలేదు.

నూనె సీసా వెలుతురులో పెట్టి చూశాను. ఈపాటికి రెండో గీత దగ్గర ఉండాలి. ఇప్పుడు రుద్దిన ఎనిమిది చుక్కలు పోయినా ఇంకా రెండు గీతల నడుమే ఉంది.

మిగిలిన చుక్కలు లెక్కేస్తే తెలిసింది, పన్నెండో రోజు మస్టర్ నుంచి సరోజన రోజుకు ఒక్క చుక్కే వేసుకుంటోంది. మొలకలు చచ్చాయి, ఉన్నవి వంద రోజుల్లో పువ్వుకు వస్తాయో రావో, నూనె ఎక్కువ రోజులు రావాలని తన వంతు తాను కోసుకుంది. వేసుకున్నావా బిడ్డా అని నేను రోజూ అడిగాను. వేసుకున్న బాపూ అని రోజూ చెప్పింది.

రాజవ్వా, నీ బిడ్డ అచ్చం నీలాగే తయారైంది. నేను అచ్చం అప్పటిలాగే ఉన్నాను.

రోజు 21

కళ్లు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టలేదు. మాట లేదు.

మస్టర్‌లో "సరోజన?" అని పిలిచారు. నేను "తినలేదు" అన్నాను. ముప్పై గదుల నుంచి ముప్పై చెంచాల అంబలి వచ్చింది. మంచం పక్కన పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. రెండు చెంచాలు కూడా మింగలేదు. మిగతాది చల్లారి మీగడ కట్టింది. నాకు ఎవరి మీద కోపమో తెలియకుండా కోపం వచ్చింది, కంచం తీసి గోడకు కొట్టాలనిపించింది. కొట్టలేదు. తిండి కదా.

రెండు మొక్కల కప్పులూ మా గదికి తెచ్చుకున్నాను. దీపం కూడా. అటూ ఇటూ తిరిగే ఓపిక లేదు. ఇద్దరినీ ఒక్కచోటే కనిపెట్టుకుని ఉంటాను.

రోజు 22

మూడో జత వచ్చింది. పుట్టాకులు అంచుల్లో పసుపుబడుతున్నాయి.

బుచ్చయ్య చెప్పిన గుర్తులు రెండూ వచ్చాయి. సీసా తీశాను. చెంచాలో నాలుగో వంతు పోసి మిగతా నీళ్లు కలిపాను. చేయి కప్పు దాకా వెళ్లింది. వంగలేదు. ముప్పై రెండు చెంచాలు కళ్ల ముందు తిరిగాయి. పారబోశాను.

రేపు.

రోజు 23

పుట్టాకులు పూర్తిగా పసుపు. కింది రంపం ఆకు కూడా పాలిపోతోంది. ఇది బూజు కాదు, మాడడం కాదు. ఆకలి. పంపులు నడిపినవాడికి కూడా తెలుస్తుంది.

లచ్చవ్వను పిలిచాను. "నువ్వు పొయ్యవ్వా." ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. ఓదెలును పిలిచాను. "నన్ను పాపంల పెట్టకన్నా" అని గుమ్మం దాటి వెళ్లిపోయాడు. ఎల్లుబాయి అయితే రానేలేదు. మొన్నటిదాకా పోయకుండా ఆగలేని జనం ఇప్పుడు పోయడానికి ఒక్కరూ లేరు.

తొందరపడి తొమ్మిదింటిని చంపాం, ఆ తర్వాత పదోదాన్ని కూడా. ఆగి ఈ రెండింటినీ చంపబోతున్నాను. ఆగు అని మూడు గీతలు కొట్టావు కదయ్యా బుచ్చయ్యా, ఇంక చాలు అని ఒక్క గీతయినా కొట్టలేదేం? గుర్తులు రాశావు. నా కళ్లను నేను నమ్మడం లేదు. అదెలా నమ్మాలో రాయలేదు.

సరోజన చూపు నిలబడుతోంది. ఇంకా మాట లేదు. నూనె పూటకు నాలుగు చుక్కలు వేస్తున్నాను. ఇలా వేస్తే ఇంకా నలభై రోజులు. తగ్గించే ధైర్యం నాకు లేదు.

రోజు 24

మధ్యాహ్నం సరోజనకు చెంచాతో నీళ్లు పడుతున్నాను. కప్పులు రెండూ మంచం పక్కన పీట మీద ఉన్నాయి. నేను మాట్లాడుతూనే ఉన్నాను. పలకని మనిషితో మాట్లాడడం అలవాటైంది. మూడు జతలొచ్చినయి బిడ్డా, పుట్టాకులు పసుపైనయి, నాకు చెయ్యి వస్తలేదు, ఏం జెయ్యాలె చెప్పు అంటున్నాను.

ఆమె చేయి మంచం మీది నుంచి కదిలింది. పీట మీదికి వెళ్లింది. పడేస్తుందేమోనని కప్పు పట్టుకున్నాను. వేలితో పసుపు పుట్టాకును ముట్టుకుంది. లాగలేదు, ముట్టుకుంది అంతే. ఆకు ఊడి ఆమె వేలికి అంటుకుని వచ్చింది.

దాన్ని నా ముఖం ముందు పెట్టింది. సన్నగా, కాగితంలా, లోపల ఏమీ లేకుండా ఉంది.

"సద్ది" అంది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. పెదవులు తడుపుకుని చాలాసేపు వెతుక్కుంది. "ఒడిసింది... బాపూ."

నన్ను బాపు అంది. నేను ఏడ్చాను. పుస్తకంలో రాయొచ్చో లేదో తెలియదు, రాస్తున్నాను. గట్టిగానే ఏడ్చాను.

తర్వాత నాలుగో వంతు కలిపాను. మూడుసార్లు కొలిచాను. చెంచా ఆమె చేతిలో పెట్టి ఆ చేతిని నా చేత్తో పట్టుకున్నాను. ఒక్కో కప్పుకు అంచు వెంట రెండు చెంచాలు. అంతే. సీసా మూత బిగించి గూట్లో పెట్టి దాని మీద ఇటుక పెట్టాను.

రోజు 25

కొనలు మాడలేదు. మూడుసార్లు చూశాను. అద్దం పెట్టి చూశాను. నడిమి ఆకు నిన్నటికంటే పచ్చగా ఉందని ఓదెలు అన్నాడు. అంత తొందరగా పచ్చబడదని నాకు తెలుసు. అవునన్నాను.

రెండే మొక్కలు. ఆడవో మగవో తెలియడానికి ఇంకా నెల. పువ్వుకు డెబ్బై ఐదు రోజులు. నూనె ముప్పై ఎనిమిది రోజులు. మధ్యలో ఉన్న ఖాళీని ఏం పెట్టి నింపాలో తెలియదు. రేపటి నుంచి గదికొకరు చొప్పున సరోజన పక్కన వంతులవారీగా కూర్చుంటామని ఎల్లుబాయి వచ్చి చెప్పింది. మూర్ఛ వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో ముప్పై మందికి నేర్పాలి. ఇనుప ముక్కలన్నీ ముందే దాచేయాలి.

మస్టర్‌కు సరోజనను మంచంతో సహా మోసుకెళ్లాం. లచ్చవ్వ సరోజన పేరొక్కటి వదిలి మిగతావన్నీ పిలిచింది. తిన్న, తిన్న, తిన్న. పుస్తకం చివరి దాకా వచ్చి ఆగింది. పిలవడానికి భయపడింది. తర్వాత మెల్లగా పిలిచింది.

"మొలకలు?"

జనమంతా తల దించుకున్నారు, రోజూలాగే.

"తిన్నయి" అంది మంచం మీది నుంచి సరోజన.

తలలన్నీ ఒక్కసారి లేచాయి. ఎవరో ముక్కు చీదారు. లచ్చవ్వ రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది, పెన్సిల్ రెండుసార్లు జారింది. తర్వాత కళ్లు తుడుచుకుని వదిలేసిన పేరు పిలిచింది.

"సరోజనా?"

ఆమె నా వైపు చూసింది. వాళ్లమ్మ చూసినట్టే చూసింది. వాళ్లమ్మ చెప్పినట్టే చెబుతుందనుకున్నాను.

"తినలే" అంది. "ఆకలైతాంది."

ముప్పై చెంచాలు లేచాయి. నేను ఎవరినీ ఆపలేదు.